పచ్చ నీళ్ళ చెరువులో గాలం ఎప్పుడు వేయాలి?

చిక్కబళ్ళాపుర జిల్లాకు సముద్రం లేదు, ఏడాది పొడుగునా పారే ఏరూ లేదు. చిత్రావతి, ఉత్తర పినాకిని పుట్టేది నంది కొండల పక్కనే అయినా ఎండాకాలానికి ఇసుకే మిగులుతుంది. గాలం వేయాలంటే చెరువే గతి. సామాను కూడా పెద్దగా అక్కర్లేదు: వెదురు కర్ర, తంగూసు, చిన్న గాలం, చిటికెడు సీసం, ఓ బెండు ముక్క.  ఎరకు జిల్లాలోని బాగేపల్లి వైపు రాగి సంగటి ఉండనే ఉంది. చేప ఒడ్డుకు ఎందుకొస్తుందో తెలిస్తే ఖరీదైన రీలుతో పనిలేదు.

వచ్చేది తిండికే. గాలి ఏ ఒడ్డుకు తోస్తే నీటి మీది పురుగూ పుట్రా ఆ ఒడ్డుకే చేరతాయి, వాటి వెనకే చేపలు. వాన పడ్డాక వాగు చెరువులోకి దిగేచోట మట్టితోపాటు ఎర్రలు కొట్టుకొస్తాయి. అక్కడ కూర్చున్నవాడికి ఎర వెతుక్కునే పని కూడా తప్పుతుంది.

ముందుగా పడేది జిలేబి. 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా జాతి చేప ఇది. తల్లి గుడ్లను నోట్లోనే పొదుగుతుంది కాబట్టి ఎవరూ పిల్ల వదలకపోయినా చెరువంతా తానే అవుతుంది. బెండు టకటకమని వణికితే అదే. బెండు మెల్లగా పక్కకు జరిగి మునిగితే అడుగున బురద కెలికే బంగారుతీగ కావచ్చు, తొందరపడి లాగొద్దు. బొచ్చె, రోహుల సంగతి వేరు. అవి నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి వాటిచేత గుడ్లు పెట్టించాకే చెరువులకు పిల్ల సులువుగా దొరకడం మొదలైంది. అంటే చెరువులో బొచ్చె ఉందంటే ఎవరో డబ్బు పెట్టి వదిలిందే. అందుకే గుత్తదారుణ్ణి అడిగి మరీ గాలం వేయాలి. జిలేబికి ఊకొట్టినవాడు బొచ్చెకు ఊరుకోడు.

ఇక వేళ. తెల్లారకముందే కట్ట ఎక్కాలని అందరూ అంటారు. వాన నీళ్ళ చెరువుకు ఆ మాట నిజమే. కానీ ఇప్పుడు బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి హెబ్బాళ–నాగవార పథకం కింద ఈ జిల్లా చెరువులకు ఎత్తిపోస్తున్నారు. చిక్కబళ్ళాపుర పక్కనున్న కందవార చెరువుకు వచ్చిందీ ఆ నీరే. రెండు దశల శుద్ధి తర్వాత కూడా అందులో నత్రజని, భాస్వరం మిగులుతాయి, నాచు ఏపుగా పెరిగి నీళ్ళు చిక్కటి పచ్చగా మారతాయి. నాచు పగలు ఎండకు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. అందుకే అలాంటి చెరువులో తెల్లవారుజామున చేపకు ఊపిరి ఆడదు. పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఆకలనుకుంటాం గానీ, ఆ వేళ దానికి ఎర మీద ధ్యాసే ఉండదు. ఎండ బాగా ఎక్కాక వేస్తే పడుతుంది. (తినే విషయానికొస్తే, మూడో దశ శుద్ధి కూడా జరిగేదాకా నా ఓటు వాన చెరువు చేపకే.)

ఆ తెల్లవారుజామున కూడా పడగలిగేది కొర్రమీను. పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా దానికి బెంగ లేదు. తుంగ పక్కన చిన్న కప్పనో పరిగెనో ఎరగా వేసి చూడండి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కనిపిస్తే మాత్రం అక్కడ గాలం తీసేయండి. కింద కొర్రమీను కాపలా ఉంటుంది, దాన్ని పట్టేస్తే ఆ పిల్లలు జిలేబీల పాలే.