తేలు కొండి ధనుస్సులో పడింది

జూన్, జులై నెలల్లో మబ్బు లేని రాత్రి తొమ్మిది దాటాక దక్షిణం వైపు చూస్తే ఎర్రటి చుక్క ఒకటి కనిపిస్తుంది. అది జ్యేష్ఠ. దానికి కుడిపక్కన, ఒకదాని కింద ఒకటిగా ఉన్న మూడు చుక్కలు అనూరాధ. తేలు తల అదే. జ్యేష్ఠ నుంచి కిందికి దిగి ఎడమకి వంకర తిరిగే వరస తోక. చివర ఒకదాన్నొకటి ఆనుకున్నట్టుండే రెండు చుక్కల దగ్గర కొండి, అంటే మూల. పన్నెండు రాశుల్లో పేరుకు తగ్గ ఆకారం ఇంత తేటగా కనిపించేవి తక్కువ.

జ్యేష్ఠ మనకు సుమారు 550 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాన్ని తెచ్చి సూర్యుడి చోట పెడితే మన భూమే కాదు, కుజుడి కక్ష్య కూడా దాని కడుపులోకి పోతుంది. ఉపరితలం సూర్యుడి కంటే చల్లన కాబట్టే ఆ ఎరుపు.

గ్రీకు కథలో ఈ తేలు ఒరాయన్ అనే వేటగాణ్ని చంపింది. భూమ్మీద జంతువన్నది లేకుండా చేస్తానని అతను బీరాలు పలికితే భూదేవి దీన్ని పంపిందట. మన ఆర్ద్రా నక్షత్రం ఆ వేటగాడి భుజమే. తేలు తూర్పున లేచేసరికి అతను పడమట దిగిపోతాడు. ఆకాశం చూస్తూ అల్లిన కథ అని తెలిసిపోతూనే ఉంది.

చిక్కంతా జ్యోతిషం దగ్గర. అక్కడ రాశి అంటే చుక్కల గుంపు కాదు, సూర్యుడు నడిచే దారిలో 30 డిగ్రీల ముక్క. విశాఖ నాలుగో పాదం, అనూరాధ, జ్యేష్ఠ కలిస్తే వృశ్చికం సరి. మూల నుంచి ధనుస్సు మొదలు. కంటికి తేలు తోకలో ఉన్న కొండి పంచాంగంలో పక్క రాశికి పోయింది! సూర్యుడి సంగతీ అంతే. పాశ్చాత్యుల లెక్కలో అక్టోబరు 23 ప్రాంతంలో వృశ్చికంలోకి వస్తాడు, మన పంచాంగంలో నవంబరు నడిమిలో. ఖగోళశాస్త్రజ్ఞులు గీసిన హద్దుల ప్రకారం అయితే నవంబరు చివర ఒక్క వారమే అక్కడుంటాడు. పైగా మనవాళ్లు నాది ఫలానా రాశి అన్నప్పుడు చెప్పేది పుట్టినప్పుడు చంద్రుడున్న రాశిని. ఇంగ్లిష్ పత్రికల వారఫలాల్లో తమ రాశి మారిపోయిందని కంగారుపడేవాళ్లకు జవాబు ఇదే.

మూలలో పుట్టిన పిల్ల మామగారికి గండమని సంబంధాలు వదులుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. చుక్కకూ ఆయన ఆయుష్షుకూ లంకె ఉందనడానికి ఆధారమేమీ లేదు. ఆ మాటకొస్తే దసరాల్లో మూలా నక్షత్రం నాడే బెజవాడ దుర్గమ్మకు సరస్వతి అలంకారం చేస్తారు. పిల్లల్ని వెంటబెట్టుకుని జనం కొండ కింద బారులు తీరేదీ ఆ రోజే.