సంబంధం చూసినట్టే ఉద్యోగమూ చూడాలి

మన గోదావరి జిల్లాల్లో పిల్లకి సంబంధం చూడాలంటే ఎంత ఆరా తీస్తామో మీకు వేరే చెప్పనక్కరలేదు. అబ్బాయి గుణం ఎట్లాంటిది, అత్తగారి మాటతీరు ఏమిటి, ఆ ఇంటి పెద్దకోడలు పుట్టింటికి వచ్చినప్పుడు ముఖం ఎలా ఉంటోంది, ఇవన్నీ నలుగురినీ అడిగి కనుక్కుంటాం. సంబంధం భీమవరంలోదైతే అమలాపురంలో ఉన్న పిన్నిగారి చేత కూడా వాకబు చేయిస్తాం. అదే పిల్లకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందనేసరికి ఒక్కటే ప్రశ్న అడుగుతాం: "ప్యాకేజీ ఎంత?" ఆ అంకె వినగానే వీధంతా పూతరేకులు పంచేస్తాం. పిల్ల మెలకువగా ఉండే వేళలో చాలా భాగం ఆ ఉద్యోగంలోనే గడవబోతున్నది కదా, దాని గుణగణాలు మాత్రం ఎందుకు విచారించకూడదు?

అందుకని ఇవాళ మనకు ఏవి ముఖ్యమో, అంటే మన విలువలేమిటో, వాటిని పెట్టి ఉద్యోగాన్ని ఎలా తూచాలో చెప్పుకుందాం. విలువలు అనగానే నీతులు బోధిస్తానని భయపడకండి. దేనికోసం మరొకటి వదులుకోవడానికి సిద్ధపడతామో అదే మన విలువ. ఒకరికి సాయంత్రం ఇంటిపట్టున ఉండడం ముఖ్యం. ఒకరికి కొత్త విద్య నేర్చుకోవడం ముఖ్యం. ఇంకొకరికి నాన్నగారి అప్పు తీర్చడం ముఖ్యం. అదీ విలువే. డబ్బు కావాలనుకోవడం తప్పేమీ కాదు.

మొదటి పని ఏమిటంటే, ఆఫర్ లెటరు రాకముందే కాగితం తీసుకుని, తనకు ముఖ్యమైన సంగతులు మూడు రాయాలి. వచ్చాక రాస్తే ఆ ఆఫరుకు తగ్గట్టుగానే విలువలు పుట్టుకొస్తాయి. చీటీ రాసుకోకుండా కొట్టుకి వెడితే కొట్టువాడు చూపించిందల్లా అవసరమే అనిపిస్తుంది కదూ, ఇదీ అంతే. ఇంకో మాట. ఆ కాగితం మీ అబ్బాయో అమ్మాయో రాయాలి గాని మీరు రాయకూడదు. "నీకేం కావాలి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోవడమే అమ్మ చేయవలసిన సాయం. అది తేలిక పనేమీ కాదు.

రెండో పని, ఆ మూడింటినీ విచారించి తేల్చుకోగల ప్రశ్నలుగా మార్చడం. "మీ ఆఫీసులో వాతావరణం బాగుంటుందా?" అని అడిగితే బాగుండదని ఏ కంపెనీ అయినా చెబుతుందా? అడగడంలోనే ఉంది కిటుకు. సాయంత్రాలు ముఖ్యమనుకుంటే, పని ఏ దేశం వాళ్ళ కోసమో అడగాలి. న్యూయార్కులో పొద్దున్న తొమ్మిదయ్యేసరికి మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, శీతకాలంలో ఏడున్నర. వాళ్ళ ఆఫీసు తెరిచే వేళకి మనం అన్నం వండుకుంటూ ఉంటాం. వారంలో ఎన్ని రాత్రులు వాళ్ళతో మాట్లాడవలసి వస్తుందో ముందే తెలుసుకోవాలి. నేర్చుకోవడం ముఖ్యమైతే, మొదటి ఆరు నెలలూ చేయించే పని ఏమిటి, రాసిన ప్రోగ్రాంను అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా చూసి తప్పులు చెబుతారా అని అడగాలి. మర్యాద ముఖ్యమైతే, ఇదే పనిలో ఇంతకుముందున్న మనిషి ఎందుకు మానేశారో అడగాలి. పెద్దకోడలి ముఖం చూడడమంటే ఇదే. అక్కడ పనిచేసి మానేసినవాళ్ళు ఇద్దరు దొరికితే కంపెనీ వాళ్ళ పుస్తకం కంటే ఎక్కువే చెబుతారు.

ఆడపిల్లల విషయంలో మరికొంత ఉంది. ప్రసూతి సెలవును 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసే ఏర్పాటు ఉండాలి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. చట్టంలో ఉన్నవి ఆఫీసులోనూ ఉన్నాయా అన్నది వేరే సంగతి. "ప్రసూతి సెలవు అయ్యాక తిరిగి వచ్చి పనిచేస్తున్న వాళ్ళు మీ టీములో ఎందరున్నారు?" అన్న ఒక్క ప్రశ్నతో అది తేలిపోతుంది.

జీతం దగ్గర కూడా అంకెను విడదీసి చూడాలి. ప్యాకేజీ అన్నది గంపగుత్త లెక్క. కంపెనీ కట్టే ప్రావిడెంట్ ఫండ్, కొన్నిచోట్ల ఐదేళ్ళకు గాని రాని గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని బోనసు, అన్నీ అందులో కలిపేస్తారు. నెలాఖరుకి చేతికి ఎంత అన్నదే మనకు కావలసిన లెక్క. బాండ్ ఉంటే చదవకుండా సంతకం పెట్టకూడదు. మూడేళ్ళు నిండకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో ఒక బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డిపాజిట్టు కట్టండి అనే కన్సల్టెన్సీ గడప అసలు తొక్కవద్దు.

మూడోది, మనం సాధారణంగా అడగనిది. ఆ కంపెనీ చేసే వస్తువు ఎవరింట్లోకి వెడుతుంది, అక్కడ ఏం చేస్తుంది? 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు అప్పులిచ్చే యాప్‌ల మీద కేసులు పెట్టి ఎందరినో అరెస్టు చేశారు. అప్పు తీసుకున్న మనిషి ఫోనులోని నంబర్లన్నీ లాగి, చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీసేవాళ్ళు. తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్ల జోలికి పోకూడదని 2022లో రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది. కాని ఆ నంబర్లు లాగే ప్రోగ్రాం ఎవరో ఒక ఇంజనీరు కూర్చుని రాసిందే కదా! ఆ ఇంట్లోనూ మొదటి జీతానికి మిఠాయిలు పంచే ఉంటారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. దానితో ఆ కంపెనీల్లో చాలామందికి ఉద్యోగాలు పోయాయి. పదిమందికి చెడు చేసే పనికి పునాది కూడా గట్టిగా ఉండదు.

నాలుగోది ఇంకా దగ్గరిది. అమీర్‌పేటలో కోర్సు చేసిన పిల్లలకు ఎవరో ఒకరు చెబుతారు: "మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్టు పుట్టిస్తే ఉద్యోగం సులువు." అందరూ చేస్తున్నదేగా అని ఇంట్లోవాళ్ళూ తలూపుతారు. కాని కంపెనీలు పాత ఉద్యోగాలను, ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలను విచారిస్తాయి. రెండేళ్ళ తర్వాత బయటపడినా తీసేస్తారు. బయటపడకపోయినా, చేతకాని పనిని చేతనైనట్టు నటిస్తూ రోజూ బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం ఏం బతుకు? ఇక్కడ తేల్చవలసింది పిల్ల ఒక్కతే కాదు, ఇల్లంతా కలిసి తేల్చాలి.

ఇంత విచారించినా మోసపోమా అంటే, పోవచ్చు. సత్యం కంప్యూటర్స్ సంగతి మన జిల్లాల వాళ్ళు మరిచిపోలేరు. భీమవరంలో పుట్టిన రామలింగరాజుగారు 1987లో పెట్టిన కంపెనీ అది. అందులో ఉద్యోగమంటే మనవాళ్ళకు ఎంతో గొప్ప. పరిపాలన బాగుందని 2008లో బహుమతి కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాశారు, లెక్కల్లో చూపించిన రొక్కంలో 5,040 కోట్లు అసలు లేవని. 50 వేల మందికి పైగా ఉద్యోగులు ఆ ఉదయం గుండెలు పట్టుకున్నారు. ప్రోగ్రాంలు రాసుకునే పిల్లలకు ఆ లెక్కలతో ఏ సంబంధమూ లేదు. ఆ ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది. పని వచ్చినవాళ్ళకు తమ పనే అండ అయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు పది మందికి ఏడేళ్ళ శిక్ష వేసింది. మరుసటి నెలలో అప్పీలు మీద శిక్ష ఆగి, వాళ్ళు బెయిలుపై వచ్చారు. ఆ పది మందిలో ఆర్థిక విభాగంలో పనిచేసిన ఉద్యోగులూ ఉన్నారు. కంపెనీ లోపల ఏముందో బయటినుంచి మనం పూర్తిగా చూడలేం. కాని నా చేత ఏ పని చేయించుకోనిస్తాను, ఏ కాగితం మీద సంతకం పెట్టను అన్నది మాత్రం మన చేతిలోదే. కాగితం మీద రాసుకున్న విలువ అప్పుడు అక్కరకొస్తుంది.

చివరికి లెక్క ఎలా తేల్చాలి? ఒకమ్మాయికి హైదరాబాదులో ఏడాదికి తొమ్మిది లక్షలకు రాత్రి పని, విశాఖపట్నంలో ఆరు లక్షలకు పగటి పని వచ్చాయనుకుందాం. తేడా నెలకు పాతిక వేలు. ఆ పాతిక వేలకు తాను ఏమిటి అమ్ముతున్నదో, ఏమిటి కొంటున్నదో తన మూడు మాటల కాగితం పక్కన పెట్టుకుని చూసుకోవాలి. ఇంట్లో వైద్యానికి చేసిన అప్పు ఉంటే రాత్రి పనినే ఎంచుకోవచ్చు, అందులో చిన్నతనం లేదు. కాని "ఎప్పటిదాకా?" అన్న ప్రశ్నకు జవాబుగా ఒక తేదీ అదే కాగితం మీద రాసుకోవాలి. తేదీ లేని సర్దుబాటు అలవాటైపోతుంది.

పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ ఉద్యోగంలో చేరాలనుకునే మీలో కొందరికి కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. ఎవరి కాగితం వారిదే. ఈసారి ఎవరైనా ఉద్యోగం వచ్చిందని చెబితే ప్యాకేజీ అడగండి, తప్పులేదు. దాని వెనకాలే "అక్కడ నీ పనేమిటమ్మా, అది ఎవరికి ఉపయోగం?" అని కూడా అడిగి చూడండి. అప్పుడు పిల్లలు మీతో అంకె ఒక్కటే కాదు, మనసులో మాట కూడా చెబుతారు.