డాక్టరు బల్ల దిగి వచ్చిన యంత్రం

తిరుపతి అలిపిరి రోడ్డులో స్విమ్స్, రుయా ఆస్పత్రుల చుట్టుపక్కల ఏ మందుల షాపులో అడిగినా గ్లూకోమీటర్ తీసి చూపిస్తారు. చొక్కా జేబులో పట్టేస్తుంది. మొట్టమొదటిది మాత్రం కిలోకు పైగా బరువు, ధర 495 డాలర్లు. డబ్బు పెడతానన్నా రోగికి అమ్మేవాళ్ళు కాదు.

అంతకు ముందు షుగర్ జబ్బుకు సాక్ష్యం చెప్పింది మూత్రమే. బెనెడిక్ట్ ద్రావణంలో కొన్ని చుక్కలు వేసి దీపం మీద కాచేవాళ్ళు. నీలం అలాగే నిలిస్తే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు తిరిగితే బాగా ఉన్నట్టు. చిక్కేమిటంటే, రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటేదాకా మూత్రపిండాలు దాన్ని బయటికి వదలవు. అప్పటిదాకా జబ్బు ముదురుతున్నా ద్రావణం నీలంగానే ఉంటుంది. పడిపోయిన షుగర్ సంగతి దానికసలు తెలియదు.

రక్తంలోనే నేరుగా కొలిచే పద్ధతిని 1920 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఫోలిన్, వూ తయారు చేశారు. అదీ రంగు లెక్కే. ఆ ఫోలిన్ విభాగంలోనే మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని రంగు చిక్కదనంతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. గ్లూకోమీటర్‌తో ఆయనకు సంబంధం లేదు కానీ, రంగు చూసి రసాయనం లెక్క చెప్పే ఆ విద్యలోంచే మొదటి గ్లూకోమీటర్ పుట్టింది.

అమెరికాలోని ఏమ్స్ కంపెనీ 1960లలో డెక్స్‌ట్రోస్టిక్స్ అనే కాగితపు పట్టీ తెచ్చింది. దాని మీద ఉన్నది గ్లూకోజ్ ఆక్సిడేజ్, బూజు నుంచి తీసే ఎంజైమ్. పెద్ద రక్తపు చుక్క వేసి, సరిగ్గా అరవై సెకన్లు ఆగి, నీళ్ళతో కడిగేస్తే పట్టీ నీలంగా మారేది. ఎంత నీలం? ఒక్కో కంటికి ఒక్కోలా కనిపించేది. ఆ తగవు తీర్చడానికి ఆంటన్ క్లెమెన్స్ అనే ఇంజనీరు పట్టీ మీద వెలుతురు వేసి, తిరిగొచ్చిన కాంతిని కొలిచి ముల్లుతో చూపించే పెట్టెను తయారు చేశాడు. 1970 నాటికి అది అమ్మకానికి వచ్చింది, ఆస్పత్రులకూ డాక్టర్లకూ మాత్రమే.

రిచర్డ్ బెర్న్‌స్టీన్ అడుగు పెట్టింది ఇక్కడే. పన్నెండేళ్ళ వయసు నుంచి టైప్ 1 మధుమేహం, వృత్తి ఇంజనీరింగ్. యంత్రం ప్రకటన 1969లో ఆయన కంటబడింది. భార్య డాక్టరు కాబట్టి ఆవిడ పేరున తెప్పించుకున్నాడు. రోజుకు పలుమార్లు వేలు గుచ్చుకుని, ఏ తిండికి ఎంత పెరుగుతోందో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత తగ్గుతోందో రాసుకున్నాడు. ఆ సంగతులు రాసి పంపితే వైద్య పత్రికలు తిప్పికొట్టాయి. ఆయన డాక్టరు కాదు మరి. సరే అని నలభై అయిదేళ్ళ వయసులో వైద్య కళాశాలలో చేరి డాక్టరే అయ్యాడు! ఇంత మొండితనం పనికొచ్చే చోట్లు తక్కువ, ఇది వాటిలో ఒకటి.

ఆ తర్వాత యంత్రం చిక్కిపోయింది. ఎంజైమును ఎలక్ట్రోడ్‌కు జతచేయవచ్చని లీలండ్ క్లార్క్ 1962లోనే చూపించాడు. ఇంగ్లాండులో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫెరోసీన్ అనే ఇనుము సమ్మేళనంతో ఎలక్ట్రాన్లను మోయించి 1984లో దాన్ని చౌక పట్టీగా మలిచే దారి వేశారు. 1987లో పెన్నంత మీటరు వచ్చేసింది. కడగడం పోయింది, రంగు పోయింది, ఇప్పుడు కొలిచేది సన్నని విద్యుత్తును. కొన్ని స్ట్రిప్పులకు అర మైక్రోలీటరు రక్తం చాలు. షుగర్ 100 ఉంటే అందులో గ్లూకోజ్ అర మైక్రోగ్రాము.

అందుకే చేతులు కడుక్కోమనేది. పండ్లు ఒలిచిన వేళ్ళను స్పిరిట్ దూదితో తుడిచి పరీక్షిస్తే మీటరు లేని షుగర్ చూపించిందని, నీళ్ళతో కడిగితే సరిపోయిందని జపాన్ పరిశోధకులు 2011లో రాశారు. మామిడి కాలంలో చిత్తూరు ఇళ్ళలో ఇది గుర్తుంచుకోవాలి.

టైప్ 2 అని కొత్తగా తెలిసినవాళ్ళు మీటరు కొనగానే సగం వైద్యం అయిపోయిందనుకుంటారు. ఇన్సులిన్ వాడని టైప్ 2 రోగులు 450 మందితో అమెరికాలో జరిగిన పరిశీలన ఫలితం 2017లో వచ్చింది: రోజూ వేలు గుచ్చుకున్నవాళ్ళకూ గుచ్చుకోనివాళ్ళకూ ఏడాది తర్వాత మూడు నెలల షుగర్ సగటులో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకిది ఆశ్చర్యంగా అనిపించలేదు. రోజూ పరగడుపున ఒకే అంకె చూసి నిట్టూరిస్తే షుగర్ తగ్గదు. మీటరును ప్రశ్న అడగాలి. రాగి సంగటి షుగర్‌కు మంచిదని అందరూ అంటారు. ముద్దలో బియ్యం ఎంత, ముద్ద ఎంత పెద్దది అన్నది ఎవరూ చెప్పరు. తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి, ఇంకో రోజు సగం ముద్ద, ఎక్కువ ఆకుకూర పప్పుతో చూస్తే మన ఒంటి జవాబు మనకు దొరుకుతుంది. డాక్టరు చేతికి ఇవ్వాల్సిన కాగితం అది.

తిరుమల కొండెక్కే అలిపిరి మెట్ల దగ్గర ప్రశ్న తారుమారవుతుంది. ఇక్కడ భయం షుగర్ పెరగడం గురించి కాదు. 3,550 మెట్లెక్కే కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లాక్కుంటాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ప్రమాదం తక్కువ. గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకుని, దర్శనమయ్యేదాకా ఏమీ తిననని పట్టుబట్టినవాళ్ళకే ముప్పు. షుగర్, బీపీ వంటి జబ్బులున్నవాళ్ళు నడిచి రావడం శ్రేయస్కరం కాదని టీటీడీ 2024లో సూచించింది కూడా. డాక్టరును అడిగి, అయినా నడుస్తామనేవాళ్ళు ఒక్క పని చేయొద్దు: అలిపిరిలో కొండపైకి పంపించే సామానులో మీటరు పెట్టేయొద్దు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం మెట్ల అలసటా, షుగర్ పడిపోవడమా అన్నది దారిలో తేల్చేది అదొక్కటే. ఎండలో ఆపిన కారులోనూ వదలొద్దు, స్ట్రిప్పులు వేడికి చెడిపోతాయి.

అంకె 70 కంటే తక్కువుంటే కూర్చుని పదిహేను గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలుపుకుని తాగాలి. దిగేటప్పుడైతే చేతిలో లడ్డూ ఉంది కదా అనుకోవద్దు, అందులోని నెయ్యి చక్కెర రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసి, 70 దాటాకే లేవాలి.