రెండో రిపోర్టు ఎందుకు? రొమ్ము క్యాన్సర్ నిర్ధారణలో ఐహెచ్‌సీ పరీక్ష

పుదుచ్చేరిలోని మేట్టుపాళయానికి సమీపంలో, గోరిమేడు వద్ద జిప్మర్ ఆసుపత్రి, అందులో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ఉన్నాయి. రొమ్ములో గడ్డతో ఇలాంటి ఆసుపత్రికి వచ్చే మహిళకు ముందుగా బయాప్సీ చేస్తారు. రిపోర్టులో క్యాన్సర్ అని తేలినా, ‘ఐహెచ్‌సీ రిపోర్టు కూడా రావాలి’ అంటారు వైద్యులు. జబ్బు తెలిశాక ఇంకా ఆగడం ఎందుకన్నది కుటుంబ సభ్యుల సందేహం.

మొదటి పరీక్షలో కణాల ఆకారం, అమరిక కనిపిస్తాయి. ఆ కణాలు ఏ ప్రోటీన్లను తయారు చేస్తున్నాయో మాత్రం తెలియదు. దాన్ని చెప్పేదే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే ఐహెచ్‌సీ.

బయాప్సీ ముక్కను ఫార్మలిన్‌లో నిల్వచేసి, మైనపు దిమ్మెగా మార్చి, మూడు నాలుగు మైక్రాన్ల మందంతో పొరలుగా కోస్తారు. ఒక నిర్దిష్ట ప్రోటీన్‌కే అతుక్కునే యాంటీబాడీని ఆ పొరపై వేస్తారు. దానికి జతచేసిన ఎంజైము, డీఏబీ అనే రసాయనంతో చర్య జరిపి గోధుమ రంగునిస్తుంది. గోధుమ రంగు కనిపించిన చోట ఆ ప్రోటీన్ ఉన్నట్టు.

క్యాన్సర్ పాలనాళం గోడ దాటిందా లేదా అన్న అనుమానం వస్తే పీ63 వంటి మార్కర్లు సాయపడతాయి. నాళం చుట్టూ ఉండే మయోఎపిథీలియల్ కణాల కేంద్రకాలకు పీ63 రంగునిస్తుంది. ఆ వరుస చెక్కుచెదరకుండా ఉంటే క్యాన్సర్ నాళంలోనే ఉందని, వరుస లేకపోతే బయటికి చొచ్చుకుపోయిందని అర్థం చేసుకుంటారు. లోబ్యులర్ రకం క్యాన్సర్‌లో సాధారణంగా ఇ-క్యాడరిన్ కనిపించదు.

చికిత్సను నిర్ణయించేవి ఈఆర్, పీఆర్, హెర్-2. కనీసం 1 శాతం క్యాన్సర్ కణాల కేంద్రకాలకు రంగు వస్తే ఈఆర్ పాజిటివ్. వారికి టమోక్సిఫెన్ వంటి హార్మోన్ చికిత్స ఉపయోగపడే అవకాశం ఉంది. హెర్-2కు 0 నుంచి 3+ వరకు స్కోరు ఇస్తారు. 3+ అయితే పాజిటివ్. ట్రాస్టుజుమాబ్ వంటి మందులు పనిచేయవచ్చు. 2+ అయితే సందిగ్ధం. ఫిష్ అనే జన్యు పరీక్షతో తేల్చుకోవాలి. మూడూ నెగెటివ్ అయితే అది ట్రిపుల్ నెగెటివ్. ఆ చికిత్స వేరు.

అందుకే ఇక్కడ పొరపాటు ఖరీదైనది. తీసిన ముక్కను గంటలోపే ఫార్మలిన్‌లో వేయాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలి. ఆలస్యమైతే ప్రోటీన్లు దెబ్బతిని, ఉన్న ఈఆర్ కూడా లేనట్టే కనిపించవచ్చు. అప్పుడు రోగికి అందాల్సిన మాత్ర అందకుండా పోతుంది. రంగు వేసే ప్రక్రియలో లోపాలను పట్టుకోవడానికి, రంగు తప్పక రావలసిన కంట్రోల్ కణజాలాన్ని కూడా ప్రయోగశాలలు పక్కనే పరీక్షిస్తాయి.

రోగి బంధువులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. వేరే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలతో పాటు మైనపు దిమ్మెలను, స్లైడ్లను కూడా అడిగి తీసుకెళ్లాలి. దిమ్మె ఉండి, అందులో కణజాలం మిగిలి ఉంటే, చాలా సందర్భాల్లో మళ్లీ సూది గుచ్చకుండానే పరీక్ష చేయవచ్చు.