మోకాలి నొప్పి - పూతమందు

గత శీతకాలంలో ఒక రాత్రి మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాసి, పైన క్రేప్ బ్యాండేజి బిగించి, వేడినీళ్ళ సంచితో కాపడం కూడా పెట్టుకున్నాను. తెల్లవారేసరికి చర్మం కంది బొబ్బలెక్కింది. వేడికి విసరణ పెరుగుతుందని చదువుకున్న ఇంజనీరు చేసిన పని ఇది!

పూసిన మందులో కొంత చర్మం గుండా రక్తంలో చేరుతుంది. ఒక మోకాలికి మితంగా రాస్తే, మాత్రతో పోల్చినప్పుడు అది సుమారు 6 శాతమే. కట్టు, కాపడం ఆ పాలును పెంచవచ్చు. కనుక జెల్ రాసినచోట రెండూ కూడవు. గాయంపైన, కంటి దగ్గర రాయరాదు. రాసిన పిదప చేతులు కడుగుకోవాలి.

నొప్పి మాత్రలు, రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు, కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు ముందుగా వైద్యుని అడగవలెను. నాకు బి.పి. మందు వ్రాసే వైద్యునికి ఈ జెల్ సంగతి చెప్పాలని ఏడాదిపాటు తోచనే లేదు.