ఆదాయం ఎక్కడ పుట్టింది? పన్ను ఎవరికి?

అంతర్జాతీయ పన్నుల న్యాయశాస్త్రం బోధించడమే వృత్తిగా పెట్టుకోవచ్చంటే మన విద్యార్థులు నవ్వుతారు. "అదంతా ఢిల్లీ, బొంబాయి వకీళ్ల వ్యవహారం కదండీ!" అంటారు. పన్నుల పాఠం చెప్పేవాడిగా నా జవాబు ఇది.

మూలసూత్రం మన కొల్లేట్లోనే ఉంది. ఎక్కడో కురిసిన వాననీటిని బుడమేరు, తమ్మిలేరు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. ఆ నీరు కురిసిన ఊరిదా, నిలిచిన ఊరిదా? ఆదాయానికీ ఇదే తగువు. డబ్బు పుట్టిన దేశం ఒకటి, సంపాదించినవాడు నివసించే దేశం మరొకటి. రెండూ పూర్తి పన్ను గుంజితే వాడికి మిగిలేదేమిటి? అందుకే దేశాలు ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందాలు చేసుకుంటాయి.

ఒక ఉదాహరణ చూడండి. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లిన కుర్రవాడు అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి జీతం తీసుకుంటాడు. విదేశీ విద్యార్థులకు అక్కడ సాధారణంగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. మన విద్యార్థికి మాత్రం ఉంది. 1989లో సంతకమైన భారత–అమెరికా ఒప్పందంలోని 21వ అధికరణమే అందుకు కారణం. ఆ సంగతి తెలియక ఫారం నింపితే నష్టం ఎవరికి? చేపల చెరువు మీద అప్పు తెచ్చి కొడుకును పంపిన తండ్రికే!

ఇక పెద్ద తగువు. 1993లో హైదరాబాదులో పుట్టిన శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను చౌకగా తయారుచేసింది. 2009లో ఫ్రాన్సుకు చెందిన సనోఫీ దాన్ని చేజిక్కించుకుంది. అయితే నేరుగా కొన్నది శాంతా షేర్లను కాదు, వాటిని చేతిలో ఉంచుకున్న షాన్‌హెచ్ అనే ఫ్రెంచి కంపెనీని. అమ్మినవారూ ఫ్రెంచివారే. అసలు విలువ ఇక్కడిది కాబట్టి లాభం మీద పన్ను మాదేనంది మన ఆదాయపు పన్ను శాఖ. ఒప్పందం ప్రకారం ఆ హక్కు ఫ్రాన్సుదేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2013 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

మరి ఒప్పందాన్ని అలా ఎందుకు రాసుకున్నాం? ఈ ప్రశ్న వేయడమే బోధకుడి పని. వకీలు కక్షిదారు తరఫున చదువుతాడు, అధికారి ఖజానా తరఫున చదువుతాడు. ఎవరి తరఫునా కాకుండా చదివేవాడు ఒకడుండాలి. ఒప్పందాలు రాతిమీద గీతలేమీ కావు. 1982లో మారిషస్‌తో చేసుకున్న ఒప్పందం షేర్ల లాభంపై పన్ను హక్కును ఆ దేశానికే వదిలేసింది. 2016లో దాన్ని సవరించి, 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్లపై హక్కు మనం తెచ్చుకున్నాం. అందుకు 34 ఏళ్లు పట్టింది.

ఈ వృత్తికి దారి ఎల్.ఎల్.బి., ఎల్.ఎల్.ఎం., ఆపైన పరిశోధన. హైదరాబాదులో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. లైడెన్, వియన్నాలలో ఈ ఒక్క విషయానికే ప్రత్యేకంగా ఎల్.ఎల్.ఎం. ఉంది. ఒప్పందాల పూర్తి పాఠాలు ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఏలూరులో కూర్చునే మొదలుపెట్టవచ్చు.

ముందుగా అమెరికా ఒప్పందంలో 21, 22 అధికరణాలు చదవండి. 22వది అధ్యాపకులది. అక్కడ పాఠం చెప్పడానికి వెళ్లిన మనవారి జీతంపై రెండేళ్ల వరకు అక్కడ పన్ను లేదు. కాబట్టి లెక్చరర్లూ చదవాల్సిందే!