తొలి కాన్పు ఆలస్యమైతే ఎంతవరకు వేచి ఉండాలి?

తొలిచూలు ఆడపడుచుకు నొప్పులు మొదలై రాత్రంతా గడిచినా ప్రసవం కాకపోతే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. ఆపరేషన్ చేయించమని ఒకరు, తమ కాలంలో రెండు రోజులు నొప్పులు పడ్డామని మరొకరు అంటారు. ఈ రెండు మాటలూ అన్ని వేళలా చెల్లవు.

తొలి నొప్పులలో గర్భాశయ ముఖద్వారం మెత్తబడి, పలుచబడి, మెల్లగా తెరచుకొంటుంది. ఈ దశ ఇన్ని గంటలుంటుందని ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. 1950వ దశకంలో అమెరికా వైద్యుడు ఫ్రీడ్‌మన్ కాన్పు వేగాన్ని గ్రాఫుగా గీసి చూపారు. ఆ పిమ్మట గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరచుకోవాలనే లెక్క ఆసుపత్రులలో స్థిరపడింది. ఈ లెక్క అందరికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టం చేసింది. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరచుకొన్నప్పటి నుండే చురుకైన దశగా పరిగణించాలనీ, తొలి కాన్పులో అది 12 గంటల వరకు సాగవచ్చుననీ, పూర్తిగా తెరచుకొన్నాక శిశుజననం సాధారణంగా 3 గంటలలోపు జరుగుతుందనీ తెలిపింది. తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నంతవరకు వేగం తగ్గిందన్న ఒక్క కారణంతో సిజేరియన్‌కు తొందరపడనక్కరలేదు.

ఈ నిరీక్షణలో చేయదగినవి చరకసంహిత శారీరస్థానంలోనే ఉన్నాయి. ప్రసవించబోయే స్త్రీ చేత రోకలితో దంచించాలన్న వాదాన్ని ఆత్రేయుడు తోసిపుచ్చాడు; నడకను మాత్రం సమ్మతించాడు. నొప్పి రానిదే ముక్కవద్దని కూడా హెచ్చరించాడు. నడక, నిటారుగా ఉండటం మొదటి దశను సుమారు గంటకు పైగా తగ్గిస్తాయని నేటి పరిశోధనలు చెబుతున్నాయి. తల్లిగానీ అక్కగానీ చెంతనే ఉండటం మేలు. వైద్యులు అనుమతిస్తే పలుచని గంజి, మజ్జిగ ఇవ్వవచ్చు. ఆముదం త్రాగించే అలవాటును మాత్రం మానుకోవాలి. వాంతులు, విరేచనాలతో ఆమె మరింత నీరసిస్తుంది.

ఇక గంటలు లెక్కించకూడని సందర్భాలున్నాయి. ఉమ్మనీరు ఆకుపచ్చగా పోయినా, రక్తస్రావమైనా, జ్వరం వచ్చినా, శిశువు కదలికలు తగ్గినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. శిశువు గుండె నిమిషానికి 110కి తగ్గిగానీ 160కి మించిగానీ కొట్టుకొంటూ ఉన్నా, బలమైన నొప్పులు వస్తున్నా తల దిగకున్నా వైద్యులు జోక్యం చేసుకోక తప్పదు. అడ్డుపడిన మూఢగర్భానికి సుశ్రుతుడు సైతం కషాయాలతో సరిపెట్టలేదు, శస్త్రకర్మను విధించాడు.

నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ సూదిమందును ఇంటివద్ద ఎవరి చేతా వేయించరాదు. మోతాదు మించితే గర్భాశయం చిట్లవచ్చు, శిశువుకు ప్రాణవాయువు అందకపోవచ్చు. శిశువు గుండెను గమనిస్తూ, అవసరమైతే ఆపరేషన్ చేయగల చోటనే దానిని వాడాలి.